మైదానంలోని ఉపాధ్యాయుడు – సయ్యద్ అబ్దుల్ రహీం

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కోయంబత్తూరు, మధుర ప్రాంతాల తెలుగువారి సభలలో తరచుగా వినిపించే పేర్లు కొన్ని ఉన్నాయి. మధుర నాయక రాజ్యానికి పునాది వేసిన విశ్వనాథ నాయకుడు, మహలు కట్టించిన తిరుమల నాయకుడు, చెట్లు నాటించి బాటలు వేయించిన రాణి మంగమ్మ, దక్షిణాంధ్ర యుగపు కవులు, ఆ తరువాత నల్లరేగడి భూములను నమ్ముకొని పత్తి పండించి మిల్లులు నిలబెట్టిన కోయంబత్తూరు కుటుంబాలు. ఈ పేర్లు చెప్పుకోవడం న్యాయమే. సొంత గడ్డకు దూరంగా నాలుగైదు వందల సంవత్సరాలుగా ఇంటి భాషను కాపాడుకొంటూ వస్తున్న వారికి పూర్వుల స్మరణ ఒక ఆసరా. అయితే ఈ జూబిలీ సంచికలో రాజులకూ, కవులకూ, దాతలకూ చోటు పుష్కలంగా ఉన్నది. బడిలో ప్రతి సాయంత్రం నోట ఈలతో మైదానంలో నిలబడే మనిషికి మాత్రం ఏ సంచికలోనూ ఒక పుట దొరకదు. అందుకే ఈ ప్రసంగానికి ఒక వ్యాయామోపాధ్యాయుని జీవితాన్ని ఎంచుకోవడం జరిగింది. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్ళందరికీ ఆయన రహీం సాహెబ్.

రహీం 1909 ఆగస్టు 17 న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివారు, ఆ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టులో ఆడారు. 1918 లో ఏర్పడిన ఉస్మానియాలో ఆ రోజులలో బోధన ఉర్దూలో సాగేది. ఉన్నత విద్య ఇంగ్లీషులో తప్ప సాధ్యం కాదని దేశమంతా నమ్ముతున్న కాలంలో ఒక భారతీయ భాషలో శాస్త్రాలన్నిటినీ నేర్పడానికి పూనుకొన్న సంస్థ అది. మాతృభాషా మాధ్యమంలో చదివితే పిల్లవాడు వెనుకబడతాడన్న మాట ఈ పాఠశాల వారు డెబ్బై ఐదు సంవత్సరాలుగా వింటూనే ఉన్నారు. అటువంటి మాట అన్నవారికి చెప్పదగిన సమాధానాలలో ఉస్మానియా కథ ఒకటి.

పట్టభద్రుడైన రహీం చేపట్టిన వృత్తి బడిపంతులు పని. కాచిగూడ మిడిల్ స్కూలులో చేరారు. తరువాత ఉర్దూ షరీఫ్, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ పాఠశాలలలో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా పొందారు. దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో క్రీడల బాధ్యత ఆయనకు అప్పగించారు. భారతదేశానికి ఆసియా క్రీడలలో రెండు పర్యాయాలు స్వర్ణ పతకం సాధించిపెట్టిన శిక్షకుడు ఒక సామాన్య పాఠశాల ఉపాధ్యాయుడన్న సంగతి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలలో కూడా ఎందుకు చెప్పరో తెలియదు.

ఆ కాలానికి వ్యాయామ విద్య ఎట్లా ఉండేదో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. బడిలో ఉండేది డ్రిల్లు మాస్టారు. చాలాచోట్ల ఆయన సైన్యం నుండి విరమించి వచ్చినవాడు. వరుసలో నిలబెట్టడం, ఎడమ కుడి అనిపించడం, ఆలస్యంగా వచ్చినవాడిచేత మైదానం చుట్టూ పరుగు తీయించడం ఆయన పాఠ్య ప్రణాళిక. మద్రాసులో 1920 లో హారీ క్రో బక్ అనే అమెరికా దేశస్థుడు వై.ఎమ్.సి.ఎ. వ్యాయామ కళాశాలను స్థాపించిన తరువాతనే, ఆటకు కూడా ఒక శాస్త్రం ఉన్నదనీ, దానిని నేర్పడానికి గురువుకు శిక్షణ కావాలనీ దక్షిణాదిలో ఎరుక కలిగింది. కోయంబత్తూరు దగ్గర పెరియనాయకన్‌పాళయం రామకృష్ణ మిషన్ విద్యాలయంలోని మారుతి వ్యాయామ కళాశాల కూడా ఆ ఎరుక నుండి పుట్టినదే. ఈ జిల్లాల తెలుగు బడులలో పనిచేసిన వ్యాయామోపాధ్యాయులు పలువురు ఈ రెండు చోట్లా తయారైనవారే. రహీం హైదరాబాదులో చేసిన పని ఇదే మార్పుకు చెందినది; అయితే ఆయన దానిని చాలా దూరం తీసుకొనిపోయారు.

ఆయన పద్ధతిని కొంచెం వివరంగా చెప్పుకోవాలి. కుర్రవాళ్ళ కోసం ఆయన విచిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒకటి, బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీ. కుడికాలి వాటం గలవాడు ఎడమ కాలితోనే బంతిని తన్నాలి. రెండవది, బంతిని కాళ్ళ దగ్గర ఉంచుకొని ఒక్కరే దొర్లించుకొంటూ పోవడం నిషిద్ధమైన పోటీ. బంతి అందుకొన్నవాడు వెంటనే తోటివానికి అందించాలి. మూడవది, ఎత్తు పరిమితి గల పోటీ. నిర్ణయించిన కొలతకు మించి పొడుగున్నవారికి అందులో ప్రవేశం లేదు.

ఈ మూడింటినీ ఒక ఉపాధ్యాయుని దృష్టితో చూస్తే ఆయన ఎంత ఆలోచించారో అర్థమవుతుంది. తరగతిలో బాగా చదివే పిల్లవాడు తనకు వచ్చిన లెక్కనే మళ్ళీ మళ్ళీ చేస్తాడు. రాని లెక్క జోలికి పోడు. మైదానంలోనూ అంతే. కుడికాలితో చక్కగా తన్నేవాడు జీవితమంతా కుడికాలితోనే గడుపుతాడు. ‘ఎడమ కాలిని కూడా వాడరా’ అని వందసార్లు చెప్పినా వాడడు. చెప్పడం మానేసి, ఎడమ కాలు తప్ప గత్యంతరం లేని ఆట పెట్టారు రహీం. ఇక ఎవరికీ బంతి ఇవ్వకుండా తానొక్కడే గోలు దాకా పోవాలనుకొనే కుర్రవాడు ప్రతి బడిలోనూ ఉంటాడు, వాడికే చప్పట్లు ఎక్కువ. రెండవ పోటీలో వాడికి పక్కవాడిని చూడక తప్పదు. పొట్టిగా, సన్నగా ఉన్నందువల్ల ఎప్పుడూ గీత బయట నిలబడే పిల్లలకు మూడవ పోటీలో చోటు దొరుకుతుంది. వాళ్ళలో ఎందరు నిజమైన ఆటగాళ్ళో అప్పుడు గాని తెలియదు. వీటిలో దేనికీ డబ్బు అక్కరలేదు. ఒక బంతి, కాస్త నేల, ఒక నియమం చాలు.

ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పై చదువులో ఇంగ్లీషు మధ్య పెరిగే ఈ ప్రాంతపు పిల్లలకు బలహీనమైన కాలు అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. అవ్వతో తెలుగులో మాట్లాడి, అదే మాటను కాగితం మీద రాయమంటే తడబడే పిల్లలు ఈ సభలోనే ఉన్నారు. 2006 నాటి తమిళ బోధన చట్టం అమలైన తరువాత ఆ తడబాటు మరికొంత పెరిగింది. తమిళం నేర్వవలసినదే, నీళ్ళు తాగే ఊరి భాష అది. తెలుగు కాలు చచ్చుపడకుండా చూసుకొనే బాధ్యత మాత్రం ప్రభుత్వానిది కాదు, ఇంటిదీ బడిదీ. ఈ మాట ప్రస్తావవశాన వచ్చింది, విషయానికి వద్దాం.

1943 నుండి రహీం హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. మరణించేవరకూ ఆ బాధ్యత వదలలేదు. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఢిల్లీ డ్యూరాండ్ కప్పును 1950, 1954, 1957 లలో సిటీ పోలీసు పేరుతోనూ, 1961 లో ఆంధ్రప్రదేశ్ పోలీసు పేరుతోనూ గెలుచుకొన్నది. ఫుట్‌బాల్ అంటే కలకత్తా అని దేశమంతా అనుకొనే రోజులవి. జీతానికి పోలీసు ఉద్యోగం చేసుకొంటూ ఆడే దక్కను కుర్రవాళ్ళు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ వంటి జట్లను కూడా ఓడించి వచ్చేవారు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని కూడా హైదరాబాదు జట్టు వరుసగా రెండుసార్లు, 1956–57, 1957–58 పోటీలలో గెలిచింది.

రహీం 1950 లోనే భారత జట్టు శిక్షకుడయ్యారు. మరుసటి సంవత్సరం ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. శైలేన్ మన్నా నాయకత్వంలోని భారత జట్టు అంతిమ పోటీలో ఇరాన్‌ను 1–0 తో ఓడించి స్వర్ణం పొందింది. ఆ ఒక్క గోలు మేవాలాల్ చేశారు. అయితే మరుసటి సంవత్సరమే, 1952 లో, హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో పరాజయం. ఆ చలి దేశంలో భారత ఆటగాళ్ళు కొందరు బూట్లు లేకుండా వట్టి కాళ్ళతో ఆడారు. వట్టి కాళ్ళతో ఆడడం అప్పటివరకు గొప్పగా చెప్పుకొనే విషయం. 1911 లో వట్టి కాళ్ళతో ఆడి తెల్లవారి సైనిక జట్టును ఓడించిన మోహన్ బగాన్ కథ ప్రజల మనసులో ఉన్నది. హెల్సింకీ తరువాత బూట్లు తప్పనిసరి అని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య నియమం చేసింది.

నాలుగు సంవత్సరాలు గడిచాయి. 1956 నవంబరు 1 న దేశ పటం మారింది. తెలుగువారికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. హైదరాబాదు దానికి రాజధాని అయింది. కోయంబత్తూరు, మధురల తెలుగువారు సరిహద్దుకు ఇవతల, భాషా అల్పసంఖ్యాకులుగా మిగిలారు. సరిగ్గా నెల రోజులకు, డిసెంబరు 1 న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం తీర్చిదిద్దిన భారత జట్టు ఆస్ట్రేలియాను దాని సొంత గడ్డమీద 4–2 తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోలులు చేశారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం భారతదేశం. సెమీఫైనల్‌లో మళ్ళీ యుగోస్లావియాయే ఎదురైంది. విరామం తరువాత తొలి గోలు భారతదేశానిదే, చివరకు 4–1 తో ఓడిపోయారు. కాంస్య పతకం కోసం ఆడిన ఆటలో బల్గేరియా 3–0 తో గెలిచింది. నాలుగవ స్థానం. పదికి ఒకటి నుండి నాలుగుకు ఒకటి దాకా వచ్చిన ఆ దూరాన్ని పతకాల పట్టికలు చూపించవు. ఏడాది పొడుగునా ఇరవై మార్కుల నుండి నలభైకి వచ్చిన పిల్లవాడి శ్రమ కూడా మార్కుల జాబితాలో కనిపించదు గదా.

ఆట వ్యూహంలోనూ రహీం కాలానికి ముందున్నారు. నలుగురు వెనుక, ఇద్దరు మధ్య, నలుగురు ముందు నిలిచే 4–2–4 పద్ధతి 1958 లో బ్రెజిల్ ప్రపంచ కప్పు గెలిచిన తరువాత లోకమంతటా ప్రసిద్ధికెక్కింది. అంతకు ముందే రహీం ఆ పద్ధతిని భారత ఆటగాళ్ళకు అభ్యాసం చేయించారని ఆయన శిష్యులు చెపుతూ వచ్చారు. విదేశాల ఆటతీరును శ్రద్ధగా గమనించి, అందులో మనవారి శరీరానికీ వేగానికీ సరిపడేదానినే ఆయన తీసుకొనేవారు.

ఆ మెల్‌బోర్న్ జట్టులోని ఇద్దరి గురించి ఈ సభలో ప్రత్యేకంగా చెప్పాలి.

మొదటివారు తులసీదాస్ బలరాం. సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో ఒక తమిళ కుటుంబంలో పుట్టారు. తల్లి పేరు ముత్తమ్మ. అంటే, ఇక్కడ తమిళ దేశంలో తెలుగువారు ఎట్లా ఉన్నారో, అక్కడ తెలుగు దేశంలో ఆ కుటుంబం అట్లా ఉన్నది. ఇంట్లో ఒక భాష, గడప దాటితే మరొకటి. కుర్రవాడికి ఫుట్‌బాల్ పిచ్చి; ఇంట్లో పేదరికం. బూట్లు కొనే శక్తి లేదు. పోలీసుల పాత బూట్లతో చెప్పులు కుట్టేవాడు తయారుచేసి ఇచ్చిన జతతో ఆడేవారు. ఆయన ఆటను రహీం చూశారు. హైదరాబాదుకు అభ్యాసానికి రమ్మన్నారు. రోజూ అంతదూరం రావడానికి తన దగ్గర డబ్బు లేదని బలరాం చెప్పుకొన్నారు. రహీం ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. సైకిలు అద్దెకు తీసుకొని రమ్మని తన జేబులోంచి డబ్బు తీసి చేతిలో పెట్టారు. ఆ అద్దె సైకిలు మీద వచ్చిన కుర్రవాడు 1956 లో మెల్‌బోర్న్‌లో, 1960 లో రోమ్‌లో, 1962 లో జకార్తాలో భారతదేశం తరఫున ఆడారు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం – ఈ ముగ్గురినీ కలిపి భారత ఫుట్‌బాల్ త్రిమూర్తులు అన్నారు.

రెండవవారు గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్. ఆయన పుట్టుక కూడా హైదరాబాదు రాజ్యంలోనే. తొలి ఆట సికిందరాబాదు క్లబ్బులలో. 1953 లో మద్రాసు రెజిమెంటల్ సెంటర్‌లో చేరారు. ఆ సెంటర్ ఎక్కడున్నదో కోయంబత్తూరు పిల్లలకు చెప్పనక్కరలేదు. మేట్టుపాళయం దాటి నీలగిరి కొండ ఎక్కితే, కూనూరు పక్కనే వెల్లింగ్టన్. మొదట ముందు వరుసలో ఆడిన తంగరాజ్ గోలు కాపలాదారుగా మారింది సైన్యంలో చేరిన తరువాతనే. ఆ వెల్లింగ్టన్ జట్టు 1955, 1958 లలో డ్యూరాండ్ కప్పు గెలిచింది. హైదరాబాదు మైదానాలలో మొలకెత్తి, నీలగిరి కొండమీద మానైన ఆటగాడన్న మాట.

ఇప్పుడు ఒక ప్రశ్న వస్తుంది. రహీం ఉర్దూ వాతావరణంలో పెరిగి ఉర్దూలో చదివినవారు. బలరాం తమిళులు. వీరిని తెలుగు బడి జూబిలీలో ఎందుకు తలచుకోవాలి? ఎదురు ప్రశ్న ఒకటి వేసుకొంటే జవాబు దొరుకుతుంది. నాలుగు వందల సంవత్సరాలుగా మధురలో ఉంటున్న తెలుగు కుటుంబాన్ని మధుర తనదిగా అనుకోవాలని కోరుకొంటాం. అనుకొన్నది కూడా. అటువంటప్పుడు, తెలుగు నేలమీద పుట్టి పెరిగి ఆ నేలకు పేరు తెచ్చిన ఉర్దూ ఉపాధ్యాయుణ్ణీ, తమిళ ముత్తమ్మ కొడుకునూ తెలుగువారు తమవారు కారనడానికి నోరెట్లా వస్తుంది?

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత జట్టు హంగరీతో 1–2, పెరూతో 1–3 తేడాతో ఓడింది. ఫ్రాన్సుతో 1–1 తో సమానంగా నిలిచింది. ఆ జట్టులో రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నారు. అదే భారత ఫుట్‌బాల్‌కు చివరి ఒలింపిక్స్ అని అప్పుడెవరూ ఊహించలేదు.

ఇక జకార్తా. 1962 నాటికి రహీం శరీరాన్ని క్యాన్సర్ పట్టుకొన్నది. ఆ స్థితిలోనే జట్టును తీసుకొని నాల్గవ ఆసియా క్రీడలకు వెళ్ళారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0–2 తో ఓటమి. తరువాత థాయ్‌లాండ్‌ను 4–1 తో గెలిచారు గాని, ఆ ఆటలో వెనుక వరుసకు వెన్నెముక వంటి జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జపాన్‌ను 2–0 తో ఓడించి సెమీఫైనల్ చేరారు. కుట్లున్న తలతో జర్నైల్ వెనుక ఆడలేరు. ఎదుటివారి బంతిని మాటిమాటికీ తలతో ఎదుర్కోవలసిన స్థానం అది. మరొకరైతే ఆయనను బల్లమీద కూర్చోబెట్టేవారు. రహీం ఆయనను ముందు వరుసకు, సెంటర్ ఫార్వర్డ్‌గా పంపారు. దక్షిణ వియత్నాంపై 3–2 తో గెలిచిన సెమీఫైనల్‌లో జర్నైల్ ఒక గోలు చేశారు.

సెప్టెంబరు 4 న ఫైనల్. మళ్ళీ దక్షిణ కొరియాయే. ఆటకంటె పెద్ద గొడవ మైదానం బయట నడుస్తున్నది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా ప్రవేశం నిరాకరించింది. ఇది ఆసియా క్రీడల నియమాలకు విరుద్ధమని భారతదేశానికి చెందిన క్రీడా నిర్వాహకుడు గురుదత్ సోంధీ అభ్యంతరం చెప్పారు. దానితో జకార్తా జనం భారతదేశం మీద మండిపడ్డారు. భారత రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. ఫైనల్ నాడు లక్ష మందికి దగ్గరగా నిండిన మైదానంలో భారత జట్టు బంతి ముట్టుకొంటే చాలు, ఎగతాళి కేకలు. ఆ జన సముద్రంలో మనవారికోసం గొంతెత్తినవారు ఒక్కరే ఉన్నారు – పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు. హాకీ ఫైనల్‌లో భారతదేశాన్ని ఓడించి వచ్చినవారు! పిల్లలు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొన్నా చాలు.

పి.కె. బెనర్జీ పదిహేడవ నిమిషంలో మొదటి గోలు చేశారు. మరి కొద్ది నిమిషాలకే, తలకు కట్టుతో ఆడుతున్న జర్నైల్ సింగ్ రెండవది చేశారు. జ్వరంతో ఉన్న పీటర్ తంగరాజ్‌ను రహీం ఆ ఆటకు గోలులో నిలిపారు. పొడుగు మనిషి కావడం, అనుభవం ఉండడం ఆ ఎంపికకు కారణం. ఆట చివరలో కొరియా ఒక గోలు చేసింది గాని మరొకటి చేయలేకపోయింది. 2–1. చునీ గోస్వామి నాయకత్వంలో భారతదేశం స్వర్ణం గెలిచింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి ఆ తరువాత మళ్ళీ స్వర్ణం రాలేదు.

వెనుక ఆడేవాణ్ణి ముందుకు పంపిన ఆ నిర్ణయాన్ని చాలామంది సాహసం అంటారు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి అది సాహసంగా తోచదు. ఒక పిల్లవాడికి ఒక పని చేతకాని రోజు వచ్చినప్పుడు, వాడు ఇంకేమి చేయగలడో తెలిసి ఉండడం మాత్రమే అది. అలా తెలియాలంటే వాణ్ణి చాలాకాలం చూసి ఉండాలి.

జకార్తా నుండి వచ్చిన కొన్ని నెలలకే రహీం మంచం పట్టారు. 1963 జూన్ 11 న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985 లో గాని మొదలు కాలేదు. శిష్యులకు అర్జున పురస్కారాలు వచ్చాయి. బలరాంకు 1962 లో, తంగరాజ్‌కు 1967 లో. అర్జునులను చేసిన ద్రోణుడికి ఏమీ మిగలలేదు. ఆయన పోయిన తరువాత హైదరాబాదు ఆట వెంటనే ఆగిపోలేదు. 1965–66 లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం తెచ్చిన జట్టుకు నాయకుడు హైదరాబాదు వాసి సయ్యద్ నయీముద్దీన్. ద్రోణాచార్య పురస్కారం ఆయనకు 1990 లో వచ్చింది. అదే నగరం నుండి వెళ్ళిన మహమ్మద్ హబీబ్ 1977 లో కలకత్తాలో పేలే ఆడిన కాస్మాస్ జట్టుపై మోహన్ బగాన్ తరఫున గోలు చేశారు. ఆ తరువాత క్రమంగా వరుస పలచబడింది. ఖాళీ నేలలు కట్టడాలయ్యాయి; సాయంత్రాలు ట్యూషన్లయ్యాయి.

ఆ తరంలో చాలామంది ఇప్పుడు లేరు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి 2020 లో, హకీం 2021 లో వెళ్ళిపోయారు. బలరాం అనారోగ్యం వల్ల ఇరవై ఏడేళ్ళ ప్రాయంలోనే ఆట విడిచి, బెంగాల్‌లోని ఉత్తరపాడాలో జీవితం గడిపి, 2023 ఫిబ్రవరి 16 న కన్నుమూశారు. అదే సంవత్సరం ఆగస్టు 15 న హబీబ్. 2024 లో ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం వచ్చి రహీం పేరును మళ్ళీ నలుగురి నోట పలికించింది. సంతోషమే. అయితే అరవై సంవత్సరాల పాటు ఒక గురువు పేరు చెప్పడానికి సినిమా కోసం ఎదురుచూడవలసి రావడం విద్యారంగంలో ఉన్నవారికి అంత గౌరవకరం కాదు.

ఈ ఊళ్ళ సంగతి కూడా కొంచెం. 2019 మార్చిలో కోయంబత్తూరు నెహ్రూ స్టేడియంలో చెన్నై సిటీ క్లబ్బు మినర్వా పంజాబ్‌ను 3–1 తో ఓడించి దేశపు ఐ–లీగ్ గెలిచినప్పుడు నగరమంతా మురిసిపోయింది. ఆ క్లబ్బు వెలుగు ఎక్కువ కాలం నిలవలేదు. పైనుండి వచ్చిన జట్టు పైనుండే పోతుంది. నిలిచేది బడి మైదానంలో మొలిచిన ఆట మాత్రమే. ఆ మైదానం సంగతి చూస్తే, చాలా బడులలో పరీక్షలు దగ్గరపడగానే మొట్టమొదట రద్దయ్యేది వ్యాయామ తరగతి. దానిని లెక్కల మాస్టారు అడుగుతారు, పి.టి. మాస్టారు కాదనలేక ఇచ్చేస్తారు, ప్రధానోపాధ్యాయులు చూసీ చూడనట్లు ఊరుకొంటారు. ఈ తప్పులో అన్ని బడులకూ వాటా ఉన్నది. ఈ బడికి లేదని చెప్పడం ఈ వేదిక మీద మర్యాద కాదు. వచ్చే విద్యా సంవత్సరం నుండి పదవ తరగతికి కూడా వారానికి రెండు వ్యాయామ తరగతులు మార్చి నెలవరకు రద్దు కాకుండా ఉంటాయని కార్యవర్గం తీర్మానించింది. ఆ తీర్మానాన్ని తల్లిదండ్రులు మన్నించాలి. ‘ఆటలాడి మార్కులు పోగొట్టుకొంటాడేమో’ అని బెంగపడేవారు ఒకసారి వచ్చి మాట్లాడితే మంచిది.

జూబిలీ ఆటల పోటీలలో మామూలు పరుగుపందెం, కబడ్డీ, ఖోఖోలతోపాటు ఈసారి ఎనిమిదవ తరగతి పిల్లలకు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ కూడా, ఎడమకాలి ఫుట్‌బాల్ ఉన్నది. ఎడమకాలి వాటం ఉన్నవారు కుడికాలితో ఆడాలి. వాటం కాలు తగిలితే బంతి ఎదుటి జట్టుది. వారం రోజులుగా అభ్యాసం జరుగుతున్నది. పడుతున్నారు, లేస్తున్నారు, ఒకరినొకరు చూసి నవ్వుకొంటున్నారు. రేపు ఉదయం ఏడున్నరకు, ఎండ ముదరకముందే, పడమటి గోడ పక్క మైదానంలో మొదటి ఆట. పెద్దలు గీత బయట నిలబడి చూడవచ్చు. కుర్చీలు వేయలేదు.